పెట్టిన పడావు, పడ్డ పడావు

పోయిన వారం మహిమను చర్లలో ఒక కిరాయి గదిలో, బిల్లు కాగితాలు ఒళ్లో పెట్టుకుని ఊపిరాడక కూర్చున్న చోట వదిలి వచ్చాం. ఆ పిల్ల ఇంకా అట్లానే కూర్చుని ఉంటుందని మీరు అనుకుంటే పొరపాటు. తెల్లారింది, మొహం కడుక్కుంది, ఇస్త్రీ చీర కట్టుకుంది, ఫంక్షన్ హాలుకు బయలుదేరింది. తప్పు చేసినవాళ్లు కూడా టైముకు డ్యూటీకి పోతారు మరి.

కథలోకి కొత్తగా వచ్చినవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. మహిమది కొత్తగూడెం. తండ్రి జకర్యా ముప్పై రెండేళ్లు బొగ్గుబాయిలో దిగి ఎక్కిన మనిషి. తల్లి చిన్నప్పుడే పోతే, పిల్లను చర్ల దగ్గర మిషన్ హాస్టల్లో వేశాడు. ఎనిమిదేళ్లు అక్కడే పెరిగి, తోటి పిల్లల నోటి నుంచి కోయ మాట నేర్చుకుంది. ఇప్పుడు ఆ మాటే ఆమెకు కూడు పెడుతున్నది. ప్రభుత్వం స్వచ్ఛ విద్యుత్, పర్యావరణ పరిరక్షణ బిల్లు ఒకటి తెస్తున్నది. బొగ్గు తగ్గించాలని, ఎండతో కరెంటు తీయాలని, వాగులనూ అడవినీ కాపాడాలని దాని ఉద్దేశం. ఉద్దేశాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. కాని సోలార్ పలకలు గాలిలో వేలాడవు కదా, భూమి కావాలి. సాగు లేని పడావు భూములు ముప్పై ఏళ్లు కరెంటు కంపెనీలకు ఇస్తామని, ఆ భూముల జాబితాను బిల్లు చివర మూడో షెడ్యూలుగా అంటించారు. పట్టా మీ పేరునే ఉంటుంది, కాలు మాత్రం పెట్టకూడదు. దీని మీద జనం మాట వినడానికి శాసనసభ కమిటీ చర్ల వచ్చింది. వాళ్లకు కోయ మాట తెలుగులో చెప్పే పని మహిమది.

ఆ షెడ్యూలులో గుర్రాలబోడు అనే ఊరి కింద మడకం జంపక్క పేరుంది. పక్కన సర్వే చేసినవారి నంబరుంది. ఆ నంబరు రెండేళ్ల కిందట సర్వేకు తిరిగిన మహిమదే. అక్కడ ఆపాం.

జంపక్క ఎవరంటారా? హాస్టల్లో వంటమనిషి. తల్లి లేని పిల్లకు ఎనిమిదేళ్లు అన్నం పెట్టిన చెయ్యి.

ఫంక్షన్ హాలు ముందు గుర్రాలబోడు జనం అప్పటికే దిగి ఉన్నారు. ఇప్పపువ్వు రాలే రోజులవి. ఒక పొద్దు ఏరకపోతే ఆ పువ్వు పశువుల పాలు. అయినా డెబ్బై మూడు కుటుంబాల నుంచి ఇంటికొకరు చొప్పున ట్రాక్టర్లు ఎక్కి వచ్చారు. ఎవరూ ఎవరితోనూ పెద్దగా మాట్లాడటం లేదు. కల్యాణమండపాల్లో వేసే ఎర్ర కుర్చీలు ఖాళీగానే ఉన్నా, గోడ నీడన నేల మీద కూర్చున్నారు.

మహిమ పక్క గేటు నుంచి లోపలికి జారుకుందామనుకుంది. జంపక్క కళ్లు అంత తేలిగ్గా వదులుతాయా.

"బిడ్డా, గిట్ల రా."

వెళ్లక తప్పలేదు. జంపక్కకు అరవై దాటాయి. మనిషి కొంచెం వంగింది కాని గొంతు మాత్రం నూరుమంది పిల్లలను బంతిలో కూర్చోబెట్టిన గొంతే.

"సన్నగైనవ్. తింటున్నవా లేదా?"

"తింటున్న అక్కా."

"ఏం తింటున్నవో మొహమే చెప్తున్నది. ఇంద."

అడ్డాకు పొట్లం విప్పి చేతిలో పెట్టింది. ఉడకబెట్టిన బొబ్బర్లు, ఉప్పు, ఎండుమిర్చి. వద్దంటే ఊరుకునే మనిషి కాదు. మహిమ నాలుగు గింజలు నోట్లో వేసుకుంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటుంటాం మనం మాటవరసకు. ఈ పిల్ల అక్షరాలా ఆ పనే చేసింది. రెండేళ్ల కిందట జంపక్క ఇంటి అరుగు మీదే కూర్చుని, ఆమె పోసిన అంబలి తాగి, ఇంటికి వాసాలెన్ని, కొట్టంలో పశువులెన్ని, చేను ఎన్ని ఎకరాలు అని ట్యాబులో ఎక్కించుకుని పోయింది.

"బిడ్డా, ఆ లిస్టుల నా పేరు కాడ ఏం రాసున్నదో జర చదువు. ఊళ్లె పోరగాళ్లు ఒకలొక తీరు చెప్తున్నరు. నువ్వు చదివితెనే నాకు నమ్మకం."

మహిమ కాగితం తీసింది. అది చదవడానికి కాగితం అవసరం లేదు, రాత్రంతా చదివిందే. "మడకం జంపక్క. గుర్రాలబోడు. రెండెకరాల ముప్పై గుంటలు. పడావు."

"అవ్, పడావు పెట్టినం. సక్కగనే రాసిన్రు కద," అంది జంపక్క, నిజంగానే అర్థంకాక. "మరి ఎందుకు గుంజుకుంటరంట?"

అప్పుడు చెప్పి ఉండవచ్చు. అక్కా, నీ నోట్లో ఆ మాటకు ఒక అర్థం, ఆ కాగితంలో ఇంకో అర్థం, మధ్యలో ఉన్నది నేను అని. ఒక్క నిమిషం పట్టే మాట. కాని చదువుకున్న పిల్ల కదా, అబద్ధం చెప్పకుండానే దాటేయడం వచ్చు.

"లోపల నువ్వు చెప్పు అక్కా. కమిటీ మేడమ్ మంచిదే, వింటది."

"చెప్త. నువ్వు పక్కకుంటవ్ కద?"

"ఉంట."

"గంతే చాలు," అని జంపక్క వెళ్లి నీడన కూర్చుంది. మహిమ చేతిలో పొట్లం అలాగే ఉండిపోయింది. పారేయలేదు, తినలేదు.

హాలు వెనక వంటశాల దగ్గర సంతోష్ టీ తాగుతున్నాడు. సర్వే చేసిన హైదరాబాదు సంస్థలో అప్పట్లో మహిమకు సూపర్‌వైజర్ అతను. ఇప్పుడు కమిటీ ఏదైనా లెక్క అడిగితే చెప్పడానికి ఫైళ్లు పట్టుకుని వచ్చాడు. దుర్మార్గుడేం కాదు. పని జరగాలి అనుకునే రకం, అంతే.

"సంతోష్ అన్నా, గుర్రాలబోడు లిస్టు తప్పు," అంది మహిమ. "వాళ్లవి పనికిరాని భూములు కావు. విడిచిపెట్టి మళ్ల దున్నుకునేవి."

సంతోష్ గ్లాసు కింద పెట్టాడు. "నీ ఎంట్రీలే కదమ్మా అవి?"

"నావే."

"మరి అప్పుడెందుకు చెప్పలే?"

"పడావు అని చెప్పిన్రు, పడావు అని కొట్టిన. గడి అదొక్కటే ఉండె."

"ఆ గడి ఎవరు పెట్టిన్రు మహిమా?"

అతను గట్టిగా అనలేదు. గుర్తు చేసినట్టు అన్నాడు. మహిమకు అది చెంపదెబ్బ కన్నా ఎక్కువ తగిలింది.

ఈ సంగతి మీకు ఇంతవరకు చెప్పలేదు. చెప్పలేదంటే, మహిమ తనకు తానే చెప్పుకోలేదు, ఇక మనకేం చెబుతుంది. రెండేళ్ల కిందట కొత్తగూడెంలో సర్వే వాళ్లకు మూడు రోజుల శిక్షణ పెట్టారు. ఫారం ఇంగ్లీషులో ఉంది. భూమికి మూడు గడులు: సాగులో ఉన్నది, విశ్రాంతికి విడిచినది, వదిలేసినది. చివరి రెండింటికీ తెలుగులో ఏమంటారని శిక్షణ ఇచ్చే ఆయన అడిగాడు. అందరూ మొహాలు చూసుకుంటుంటే మహిమ లేచి, "రెండింటినీ పడావు అనే అంటరు సార్," అని చెప్పింది.

బొగ్గుబాయి కార్మికుడి కూతురు మరేం చెబుతుంది. ఆమె పుట్టి పెరిగిన కాలనీలో పడావు అంటే ఒకటే. బొగ్గు అయిపోయి మూసేసిన బాయి. మనుషులు ఖాళీ చేసి పోతే తుమ్మలు మొలిచిన క్వార్టర్లు. బాయి ఒకసారి పడావు పడ్డదంటే మళ్లీ లేవదు. భూమిని కొంతకాలం పండుకోబెట్టి మళ్లీ లేపుకునే పద్ధతి బాయి పనిలో లేదు. శిక్షణ ఇచ్చే ఆయన భలే సంతోషపడ్డాడు. ఒక గడి తగ్గింది, ఫారం ఒక్క పేజీలో సరిపోయింది. స్థానిక భాష మీద పట్టున్న అమ్మాయి అని అందరి ముందు చప్పట్లు కొట్టించాడు. ఆ మెప్పుతోనే ఆమె పేరు పైకి పోయింది. ఆ పేరుతోనే ఇవాళ కమిటీలో ఈ ఉద్యోగం.

"ఇప్పుడు నువ్వు లేచి లిస్టు తప్పంటే ఏమైతదో తెలుసు కద," అన్నాడు సంతోష్. "ఒక్క ఊరితో ఆగదు. అన్ని మండలాల్ల అదే ఫారం. బిల్లు ఈసారి సభకు పోదు, మళ్ల ఎప్పటికో. బొగ్గు ఆగాలని అందరికంటే ఎక్కువ కోరుకునేది నువ్వే కద. మీ డాడీ ఎట్లున్నరు?"

సరిగ్గా అప్పుడే ఆ డాడీ ఫోన్ చేశాడు. జకర్యా ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్మే. మాటకూ మాటకూ మధ్య గాలి పీల్చుకునే చప్పుడు ఫోన్లో కూడా వినబడుతుంది.

"బిడ్డా... మీటింగ్ మొదలైందా?"

"ఇంకా లేదు డాడీ."

"బిల్లు... అయితదంటవా?"

"అయితది డాడీ."

"అయితే మంచిదే. నేను మొన్న సంఘంల కూడా చెప్పిన... మా బిడ్డ ఆ పనిలనే ఉన్నదని... ప్రార్థన చేసిన్రు. మన తవ్వుడు మనతోనే... అయిపోవాలె. జాగ్రత్త."

ఫోన్ పెట్టేశాక మహిమ సంతోష్ వైపు చూడలేదు. ఇటు చెబితే తండ్రి ఊపిరి, అటు చెప్పకపోతే జంపక్క చేను. అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది. నిజం చెప్పాలంటే అడకత్తెర కూడా తాను చేసిందే.

పదకొండున్నరకు విచారణ మొదలైంది. వేదిక మీద పెళ్లివారి సింహాసనాల వంటి కుర్చీలు తీసేసి టేబుళ్లు వేశారు. మధ్యలో కమిటీ అధ్యక్షురాలైన శాసనసభ్యురాలు. నెమ్మదిగా మాట్లాడే పెద్దావిడ. పక్కన గుమస్తా లేచి నియమం చదివాడు. పేరు పిలిచినప్పుడు ఎవరి భాషలో వాళ్లు చెప్పవచ్చు. చెప్పింది అక్కడికక్కడే తెలుగులోకి మార్చి రికార్డు చేస్తారు. పిలిచినా మాట్లాడనివారికి అభ్యంతరం లేనట్టుగా రాసుకుంటారు. ఈ ఊరికి ఇవాళ సాయంత్రం ఐదు గంటలే ఆఖరు.

మొదటి పేరు మడకం జంపక్క.

ఆమె కొంగు సర్దుకుని మైకు దగ్గరికి వచ్చింది. తెలుగు బాగానే వచ్చు, హాస్టల్లో అంతా తెలుగే కదా. అయినా, "నా భూమి మాట నా మాటలనే చెప్త," అని తెలుగులో ఒక్క ముక్క చెప్పి కోయలో అందుకుంది. పక్కన రెండో మైకు పట్టుకుని మహిమ. ఒక్కో మాట ఆగి చెబుతుంటే ఒక్కో మాట తెలుగులోకి.

"మాకు నేల రెండు తీర్లు ఉంటది," అని చెప్పింది జంపక్క. "ఒకటి నడిచే నేల, ఒకటి పండుకున్న నేల. మూడేండ్లు నడిస్తే అది అలిసిపోతది. అప్పుడు దాన్ని పండుకోబెట్టి పక్కది లేపుతం. గడ్డి మొలుస్తది, ఆకు రాలుతది, అది మళ్ల బలం పుంజుకుంటది. పండుకున్నోళ్లను చూసి సచ్చిన్రని పాడె కడతరా ఎవరన్న? పడావు పెట్టినం అని చెప్పినం మేము. పడావు పడ్డదని చెప్పలే. పెట్టినోళ్లం మేమున్నం, లేపేటోళ్లం మేమే."

అంత చక్కగా మహిమ ఎప్పుడూ తర్జుమా చేయలేదు. ఆ మాటల్లో పెట్టుడుకూ పడుడుకూ ఉన్న తేడా విని అధ్యక్షురాలు కలం ఆపి తల ఎత్తింది. హాలులో కొందరు తలలూపారు. ఇంతటితో ఆగితే బాగుండుననుకుంది మహిమ.

జంపక్క ఆగలేదు. కోయలోనే ఇంకో నాలుగు మాటలు చెప్పి, మహిమ వైపు చూసి కొంచెం నవ్వింది.

మహిమ మైకులో, "ఆమె చెప్పేది అంతే మేడమ్," అంది.

జంపక్క మైకు వదల్లేదు. తెలుగులో, ముద్దుగా మందలిస్తున్నట్టు, "ఒక మాట ఇడిసిపెట్టినవ్ బిడ్డా. నీ గురించి చెప్పింది చెప్పలే. సిగ్గెందుకు, చెప్పు," అంది.

"ఏం చెప్పింది?" అని అధ్యక్షురాలు అడిగింది. "మొత్తం రికార్డులోకి రావాలి."

సంతోష్ ఫైలు మూసి ఆమెనే చూస్తున్నాడు. చెప్పక తప్పదు. ఎవరి తప్పు ఎవరి నోటితో చెప్పించాలో కాలానికి బాగా తెలుసు.

"ఆమె ఏమన్నదంటే..." అని మొదలుపెట్టింది. "మా ఊరు రాసుకపోయిన పిల్ల నా చేతి కూడు తిన్న పిల్ల. నా భూమి సంగతి దానికి తెలుసు. అది తప్పు రాయదు. తప్పు ఆ రాసుకునే మిషన్లనే జరిగి ఉంటది. ఆ పిల్లను ఏమనకండ్రి."

అధ్యక్షురాలు, "ఎవరా పిల్ల?" అంది.

"నేనే మేడమ్." ఒకసారి మొదలయ్యాక మాట ఆగలేదు. "మిషన్ల తప్పు లేదు. నేనే కొట్టిన. ఈ డెబ్బై మూడు ఇండ్లు నేనే రాసిన. ఫారంల ముందు మూడు గడులుండె. విశ్రాంతికి విడిచింది, వదిలేసింది, రెండూ ఒకటే మాట అని చెప్పి ఒక గడి తీయించింది కూడా నేనే. శిక్షణల అందరి ముందు చెప్పిన. చప్పట్లు కూడా కొట్టిన్రు."

అధ్యక్షురాలు కళ్లజోడు తీసి, చాలా నెమ్మదిగా అంది. "చూడమ్మా. ఆలోచించుకుని చెప్పు. తెలియక జరిగిన పొరపాటైతే ఒక్కొక్కరే తహసీల్దారు దగ్గర సవరణకు పెట్టుకోవాలి. అది ఎప్పటికి తేలుతుందో నేను చెప్పలేను, ఈలోగా భూమి వెళ్లిపోవచ్చు. నీకు మాత్రం ఏమీ కాదు. తెలిసి రాసిన తప్పైతే ఊరి జాబితా మొత్తం ఆపి విచారణ చేయించే అధికారం మాకుంది. రాసినవాళ్ల మీద కేసు ఉంటుంది. తెలియక రాశావా, తెలిసి రాశావా?"

ఎంత మర్యాదగా తలుపు తీసి పెట్టిందో చూడండి. తెలియదు అంటే చాలు. బాయి కాలనీలో పుట్టిన పిల్ల, ఆమెకేం తెలుసు పోడు సంగతి అని లోకం కూడా నమ్ముతుంది. మహిమ కూడా రెండేళ్లుగా తనకు తాను అదే చెప్పుకుంటున్నది.

అధ్యక్షురాలికి జవాబు చెప్పేలోపే జంపక్క అడిగింది. ఇప్పుడు మొహంలో నవ్వు లేదు.

"బిడ్డా. ఆరో తరగతిల ఒకసారి శనివారం మా ఊరు తీసుకపోయిన నిన్ను. చేన్ల గడ్డి చూసి ఉరుకుతుంటే రెక్క పట్టి గుంజిన. ఏమన్న అప్పుడు?"

మహిమ కళ్లు దించుకుంది. "పండుకున్నదాన్ని తొక్కొద్దు అన్నవ్."

"మూడేండ్లయినంక లేపుతం అన్ననా లేదా?"

"అన్నవ్."

"అది యాదికుండెనా, మా అరుగు మీద కూసోని రాసేటప్పుడు?"

ఒక్క మాట. ఉండె అనాలా, లేకుండె అనాలా. రెండేళ్ల కిందటి ఆ మధ్యాహ్నం మహిమకు ఉన్నదున్నట్టు కళ్ల ముందుకొచ్చింది. పడావు పెట్టినం అని జంపక్క చెప్పగానే వేలు గడి మీద ఆగింది. ఆగిందంటే తెలిసే ఆగింది. ఇది ఆ పడావు కాదు అని లోపల ఒక గొంతు అన్నది. సంతోష్‌కు ఫోన్ చేసి, అన్నా, నేను చెప్పింది తప్పు, ఆ మూడో గడి మళ్లీ పెట్టండి అనాలి. అందరి ముందు చప్పట్లు కొట్టించుకున్న నోటితో ఎట్లా చెప్పడం. ఆ ఒక్క సిగ్గు కోసం వేలు నొక్కింది. మొదటి ఇంట్లో నొక్కాక, మిగతా డెబ్బై రెండిళ్లలో వేలు ఆగనే లేదు.

"ఉండె," అంది మహిమ.

అధ్యక్షురాలు వినబడనట్టు ముందుకు వంగింది. మహిమ మైకు నోటికి దగ్గర పెట్టుకుంది.

"యాదికుండె మేడమ్. తెలిసే రాసిన."

గుండె మీద నుంచి బండరాయి దిగినట్టు ఉంటుందని చెబుతారు నిజం చెప్పినప్పుడు. ఏమీ దిగలేదు. గుమస్తా గబగబా రాసుకున్నాడు. సంతోష్ లేచి బయటికి వెళ్లిపోయాడు, ఫోన్ చెవికి పెట్టుకుని. హైదరాబాదుకే అయి ఉంటుంది.

"రికార్డు చేయండి," అంది అధ్యక్షురాలు. "అయితే నీ ఒక్క మాట మీద జాబితా ఆపలేనమ్మా. నువ్వు రాసింది ఒకటి, వాళ్లు చెప్పింది ఒకటి అని ఆ కుటుంబాలు కూడా మా ముందు చెప్పాలి. ఇవాళే. పేర్లు పిలవండి."

ఆ మాటతో మహిమకు కొంచెం ప్రాణం వచ్చింది. డెబ్బై రెండు మంది ఉన్నారు, సాయంత్రం ఐదు దాకా టైముంది. తాను ఎక్కడికి పోయినా సరే, వీళ్ల భూమి నిలబడుతుంది. ఒక్కొక్కరి మాటనూ పొల్లుపోకుండా తెలుగులో చెప్పాలి. మైకును రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

జంపక్క మాత్రం ఇంకా మొదటి మైకు దగ్గరే ఉంది. ఆమె కళ్లలో కోపం కనబడితే బాగుండేది. హాస్టల్లో అన్నం పారేసిన పిల్లను చూసినప్పుడు ఉండే చూపు అది. కోయలో ఒక్క వాక్యం చెప్పింది, మహిమతో కాదు, గోడ వారగా కూర్చున్న తన ఊరి వాళ్లతో. చెప్పి మైకు కింద పెట్టింది.

"ఏమన్నారు?" అని అధ్యక్షురాలు అడిగింది.

తెలుగులో చెప్పాల్సింది మహిమే. ఇంకెవరున్నారు.

"ఇకమీదట..." అంది. మళ్లీ మొదలుపెట్టింది. "ఇకమీదట మా మాట ఈ పిల్ల నోట్లె పెట్టొద్దు, అన్నది మేడమ్."

జంపక్క నడుచుకుంటూ వెళ్లి తన వాళ్ల మధ్య కూర్చుంది. గుమస్తా రెండో పేరు పిలిచాడు. "కుర్సం సమ్మయ్య."

ముసలాయన లేచాడు. మైకు దాకా వచ్చాడు. మహిమను చూశాడు, వెనక్కి తిరిగి జంపక్కను చూశాడు. చేతులు రెండూ జోడించి కమిటీకి దండం పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లి తన చోట కూర్చున్నాడు.

"సోడి ఉప్పలమ్మ."

ఆమె లేవనేలేదు. కొంగు తల మీదికి లాక్కుని నేల చూస్తూ కూర్చుంది.

"మేడమ్, వాళ్లు ఒప్పుకున్నట్టు కాదు," అంది మహిమ. "అది నా మీద కోపం. మాట్లాడకపోవుడు అంటే..."

"నువ్వు ఆగమ్మా," అంది అధ్యక్షురాలు, కటువుగా కాదు. "వాళ్ల తరఫున చెప్పొద్దని వాళ్లే అన్నారు. వేరే ట్రాన్స్‌లేటర్ కోసం భద్రాచలం ఫోన్ చేయండి. ఎంతసేపట్లో వస్తారు?"

"ఇయ్యాల దొరికేది కష్టం మేడమ్," అన్నాడు వెనక నుంచి ఒకాయన. "తెలుగొచ్చినోళ్లు వాళ్లల్లనే ఉన్నరు గని, అభ్యంతరం పెట్టినోళ్లు తర్జుమా చేయొద్దని రూలు."

గుమస్తా ముందున్న కాగితంలో ఒక్కో పేరు ఎదుట రెండే గడులున్నాయి. అభ్యంతరం ఉంది, అభ్యంతరం లేదు. అతను కలం ఎత్తి పట్టుకుని వేదిక వైపు చూశాడు.

"మాట్లాడలేదు మేడమ్. రూలు ప్రకారం ఏ గడిల రాయమంటరు?"

అధ్యక్షురాలు గోడ గడియారం చూసింది, నియమాల పుస్తకం పేజీ తిప్పి చదివింది, తిరిగి మూసింది. ఏమీ అనలేదు. అనకపోతే ఏం చేయాలో గుమస్తాకు తెలుసు. సమ్మయ్య పేరు ఎదుట, ఉప్పలమ్మ పేరు ఎదుట, 'లేదు' గడిలో రెండు టిక్కులు పెట్టి తరువాతి పేరు పిలిచాడు. ఇంకా డెబ్బై పేర్లున్నాయి.